వ్రతం ఫొటోలో దీపం

సూర్యుడు ఒక్కడే. ఈ ఒక్క ముక్క మా ఫొటోగ్రాఫర్లకు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. అమలాపురంలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేయడం నా పని. ఫొటోలు తీసేవాళ్ళు వేరు. తీసినవాటిని కంప్యూటర్‌లో దిద్ది, అవసరమైన చోట వెలుగులు అద్ది, పేజీలు పేర్చి అచ్చుకు పంపేది నేను. వాళ్ళు మిట్టమధ్యాహ్నం కొబ్బరిచెట్ల కింద జంటను నిలబెట్టి ఫొటోలు తీస్తారు. పెళ్ళికూతురి మొహం మీద ఆకుల నీడలు చారలు చారలుగా పడతాయి. కెమెరాలోని మెమరీ కార్డు నా చేతిలో పెట్టి, "మీరు చూసుకుంటారు కదండీ" అని ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోతారు. ఆ చారలన్నీ ఒక్కొక్కటే తుడుచుకుంటూ కూర్చోవాల్సింది నేను.

ఒకాయనైతే నాకు శ్రమ తగ్గిద్దామని తనే సొంతంగా వెలుగులు పెట్టి తెచ్చాడు. ఎడమనుంచి కిరణాలు, కుడినుంచి కిరణాలు, వెనక కాలవ నీళ్ళలోంచి ఒక మెరుపు, అమ్మాయి జడ వెనకనుంచి ఇంకోటి. "నాయనా, నీ ఫొటోలో నలుగురు సూర్యుళ్ళున్నారు, నేను ఎవరికి నమస్కారం పెట్టుకోను?" అన్నాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, సూర్యుళ్ళు మాత్రం తగ్గారు.

పోనీ ఫొటోలు తీయించుకునేవాళ్ళు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. ఓడలరేవు బీచ్‌లో పొద్దున్నే జంటను నడిపిస్తారు. తరవాత నా దగ్గరికి వచ్చి, వెనకాల సముద్రంలో సూర్యుడు మునుగుతున్నట్టు పెట్టమంటారు. "మన సముద్రంలో సూర్యుడు పుడతాడు గాని మునగడండీ, మునిగేది అటు పాలకొల్లు వైపు" అని చెబితే ఎవరూ వినరు. సినిమాల్లో మునుగుతున్నాడు కదా అంటారు. సరే, మీ ఇష్టం, ముంచేస్తాను. కానీ ఎక్కడ ముంచినా, ఆ వెలుగుకు తగ్గ నీడ ముక్కుకు రెండోవైపున పడేదాకా నాకు అన్నం సయించదు. నీకు కోపం ముక్కు మీదే, నీడ కూడా ముక్కు మీదే అని మా ఆయన వేళాకోళం చేస్తాడు.

ఇలా ఎన్ని వేల మొహాలకు వెలుగులు పెట్టానో నాకే తెలియదు. వాటిలో ఒక్క ఫొటో గురించి మాత్రం ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది.

వానలు వెనకబట్టిన రోజులు. పొద్దున టిఫిను గిన్నెలు కడుక్కుంటుంటే గేటు దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చూడగానే గుర్తుపట్టాను. ఆమె నన్ను ఎప్పుడూ చూసి ఉండదు. నేను మాత్రం అప్పటికి వారంగా ఆమె మొహమే దిద్దుతున్నాను. ఎడమ కనుబొమ్మ చివర చిన్న మచ్చ ఉందని, నవ్వు ఆపుకున్నప్పుడు కింది పెదవి కొరుక్కుంటుందని కూడా నాకు తెలుసు.

"ఆల్బమ్‌లు చేసే పిన్నిగారిల్లు ఇదేనాండి?" అంది.

"ఇదే. నీ ఆల్బమ్ ఇంకా అవ్వలేదమ్మా. మీ ఫొటోగ్రాఫరు కార్డులు తెచ్చిందే ఆలస్యం. అందరూ నన్ను తొందర పెడితే ఎలా?" అని విసుక్కున్నాను.

"తొందరకి కాదండీ. అవ్వలేదంటే అదే చాలండి. అవ్వకముందే మిమ్మల్ని కలుద్దామని వచ్చేనండి" అంది.

ఆల్బమ్ అవ్వకపోతే సంతోషించిన మనిషిని అదే చూడడం. లోపలికి రమ్మన్నాను. కాఫీ వద్దంది, మంచినీళ్ళు మాత్రం తాగింది. పుట్టిల్లు బండారులంక. ఇంట్లో మగ్గాలున్నాయి. పి.గన్నవరం అవతల ఊరికి ఇచ్చారు. భర్త గల్ఫులో భవనాలు కట్టే పనిలో ఉన్నాడు. పెళ్ళికి సెలవు పెట్టుకుని వచ్చి, సెలవు అయిపోగానే వెళ్ళిపోయాడు. వెళ్ళిన కొన్నాళ్ళకే పరంజా మీదనుంచి కిందపడ్డాడు. కాలు విరిగింది. ప్రాణభయం లేదన్నారట. కట్టు కట్టి పడుకోబెట్టారు.

"మా పెద్దాడపడుచుగారు అంతా పెళ్ళయిన వేళావిశేషం అంటున్నారండి" అంది కొంగు చివర వేలికి చుట్టుకుంటూ.

"మీ అత్తగారో?"

"అత్తయ్యగారు ఏమీ అనరండి. అదే భయంగా ఉందండి. అనేస్తే పోయేది గదా. లోపల ఏమనుకుంటున్నారో తెలీదండి."

అప్పుడు ఫోను తీసి నాకు ఒక ఫొటో చూపించింది. పెళ్ళయిన మర్నాడు వాళ్ళింట్లో చేసిన సత్యనారాయణ వ్రతం. పీటల మీద కొత్త దంపతులు. పెళ్ళికొడుకు పంచె కట్టుకుని, పంతులుగారు ఏదో చమత్కారం ఆడినట్టున్నారు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఎదురుగా అరటి పిలకలు కట్టిన మండపం. దానికి రెండు పక్కలా రెండు ఇత్తడి కుందులు. మంచి ఫొటో. నా దగ్గరికి వచ్చిన కార్డులో ఉంది, దాన్ని రెండు పేజీలకూ పరిచి వేద్దామని నేను కూడా అనుకున్నాను.

ఆ అమ్మాయి వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది. ఇవతలి కుంది వెలుగుతోంది. అరటి పిలక వెనక, గోడవారగా ఉన్న అవతలి కుందిలో వత్తి మాత్రమే ఉంది. దాని పైన సన్నటి పొగ తీగ.

"కొండెక్కిందండి" అంది గొంతు తగ్గించి.

ఇంట్లో ఇద్దరమే ఉన్నా ఆమె ఆరిపోయిందనే మాట అనలేదు. నేనూ అనలేదు. ఎవరంటారు ఆ మాట?

"పీట మీద కూర్చున్నదానివి, చూసుకోలేదా?"

"నాకు పిలక అడ్డమండి. అక్షింతలు పట్టుకుని తలొంచుకుని కథ వింటున్నానండి. పంతులుగారు వెయ్యమన్నప్పుడల్లా వేసేను. హారతి టైముకి రెండూ వెలుగుతూనే ఉన్నాయండి. మధ్యలో ఇలా అయిందని నాకు ఆ రోజు తెలీనే తెలీదు. మొన్న ఆయన పడిపోయేరని తెలిసేక, ఏం తోచక ఫొటోలు చూసుకుంటుంటే కనపడిందండి. కథ మొదలెట్టే ముందు, కుందులు చూసుకోమని ఆడపడుచుగారు నాకే చెప్పేరండి."

నేను ఆ ఫొటోను మళ్ళీ చూశాను. నాకు వెలుగు ఎటునుంచి వస్తోందో చూడడం ఎంత అలవాటో, గాలి ఎటునుంచి వస్తోందో చూడడమూ అంతే అలవాటు. ఆమె నుదుటి మీది జుట్టు గోడవైపు ఎగురుతోంది. అతని కండువా అంచూ అటే ఎగురుతోంది. జంట మొహాలకు చెమట పట్టకూడదని ఫొటోగ్రాఫరు స్టాండు ఫాను తిప్పి పెట్టించి ఉంటాడు. ఆ మహానుభావుడి సంగతి నాకు తెలియనిదా!

"ఫాను గాలమ్మా ఇది. ఈ గాలికి దీపమేంటి, పంతులుగారి పుస్తకం ఎగిరిపోలేదు, సంతోషించు" అన్నాను.

నవ్వు రాబోయింది గాని పెదవి కొరుక్కుంది. "ఫానని నాకూ తెలుసండి. చెప్తే ఎవరు వింటారండి? నా పాదం మంచిది కాదంటారు. ఒకసారి మనిషిని అలాగ అన్నాక, ఇంక అది పోద్దాండి పిన్నిగారూ?"

అలాంటి మాట పడి, జుట్టు నెరిసేదాకా మోసిన ఆడవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

"పోనీ, ఈ ఫొటో వేయను. పక్కన పడేస్తాను. సరా?"

"అదే కుదరదండి. అత్తయ్యగారికి ఇదే నచ్చింది. వాళ్ళబ్బాయి ఇంత నవ్వుగా ఉన్న ఫొటో ఇంకోటి లేదంట. ఆల్బమ్‌లోనే కాదు, హాల్లో పెద్ద ఫ్రేము కట్టించమన్నారండి. నా ఫోన్లో చిన్నగా చూసేరు, ఆవిడకి దీపం కనపళ్ళేదు. రేపు గోడ మీద ఇంత పెద్దది పెట్టేక, వచ్చినోళ్ళందరూ చూస్తారు కదండీ." ఫోను పక్కన పెట్టి, "దీపం వెలిగించి పెట్టండి పిన్నిగారూ" అంది.

నాకు నవ్వొచ్చింది. సముద్రంలో సూర్యుణ్ణి ముంచేదాన్ని, నాకు కుందిలో వత్తి ఒక లెక్కా? "ఓసి, ఇంతేనా! అగ్గిపుల్ల కూడా అక్కర్లేకుండా వెలిగిస్తాను. వెళ్ళి మీ అమ్మ చేతి కూర తిని హాయిగా పడుకో" అన్నాను. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఎవరికీ చెప్పరు కదండీ?" నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధి వీధంతా ఎరుగుదురు. అయినా చెప్పనని మాటిచ్చాను.

అదే రోజు భోజనం అవ్వగానే పనిలో కూర్చున్నాను. ముందు, ఇవతల వెలుగుతున్న కుందిలోంచి మంటను కత్తిరించి తెచ్చి అవతలి వత్తి మీద పెట్టాను. బొట్టుబిళ్ళ అతికించినట్టుంది. ఎందుకంటే దీపమంటే మంట ఒక్కటే కాదు, ఆ మంట చుట్టుపక్కల చేసే హడావుడి అంతా దీపమే. ఇత్తడి అంచు మెరవాలి. అరటి పిలక పచ్చదనంలోకి పసుపు దిగాలి. గోడ మీద గుండ్రంగా వెలుగు పరుచుకుని, దూరం వెళ్ళేకొద్దీ పలచబడాలి. ఆ అమ్మాయి గాజుల మీద, చెవి దుద్దు మీద, అటువైపు చెంప మీద ఆ వెచ్చదనం తగలాలి. అదంతా బ్రష్ పట్టుకుని కొద్దికొద్దిగా అద్దుకుంటూ పోయాను. చెంప మీద వెలుగు పడేసరికి ఆ పిల్ల మొహానికి ఎక్కడలేని కళ వచ్చింది. నా పనిని నేనే చూసుకుని మురిసిపోయాను. అబద్ధమెందుకు చెప్పాలి, నాకు ఆ గర్వం ఉంది.

గోడ దగ్గర మాత్రం చిన్న అనుమానం వచ్చింది. ఆ గదిలో, ఆ సున్నం రంగు మీద, ఆ దీపపు వెలుగు నిజంగా ఎంతదూరం వెళుతుందో తెలియాలి. ఫ్లాష్ వెలగని ఫొటో ఒక్కటైనా దొరికితే తెలిసిపోతుంది. మా ఫొటోగ్రాఫర్లు పాడైనవాటిని కూడా పారేయరు, వేస్ట్ అని పేరు పెట్టిన ఫోల్డరులో కుక్కి నాకు పంపుతారు. అందులో వెతికితే, వ్రతం ఫొటోల మధ్య ఒకటి పూర్తిగా నల్లగా ఉంది. ఫ్లాష్ కొట్టలేదు. సరిగ్గా నాకు కావలసినదే.

ఆ చీకటిని కాస్త కాస్త పైకి లాగాను. సాఫ్ట్‌వేర్‌లో దానికొక మీట ఉంటుంది, నీడలో ఉన్నదాన్ని మాత్రమే తేటపరుస్తుంది. ముందు మండపం అంచు కనిపించింది. తరవాత దంపతుల తలలు. ఇంకొంచెం లాగాను. బొమ్మంతా రవ్వ చల్లినట్టు గింజలు గింజలుగా అయిపోయింది గాని, అరటి పిలక వెనక గోడవార ఎవరో వంగి కూర్చుని ఉండడం తెలిసింది. ఇంకొంచెం లాగాను.

అత్తగారు. పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ ఆవిణ్ణి చూశాను. ఎప్పుడూ అంచునే ఉంటుంది, చేతిలో పళ్ళెమో చెంబో పట్టుకుని, సగం మనిషి ఫొటో బయటే. ఈ ఫొటోలో నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగును ఫాను గాలికి తెరలాగా ఒక చేత్తో అడ్డం పట్టుకుంది. రెండో చేతిలో వెలుగుతున్న అగ్గిపుల్ల. దాని తల వత్తికి ఆనించి ఉంది. గదిలో ఆ మూల ఉన్న వెలుగల్లా ఆ పుల్లదే, అది కింద నుంచి ఆవిడ గడ్డం మీద పడుతోంది. కానీ ఆవిడ చూపు దీపం మీద లేదు. మెడ తిప్పి, ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చున్న వైపు చూస్తోంది. మిగతా ఫొటోలన్నిట్లోనూ ఆ కుర్చీల్లో మొదటిది పెద్దాడపడుచుది. ఎవరైనా చూశారేమోనని ఆ చూపు.

తరవాతి ఫొటో తెరిచి చూశాను. రెండు కుందులూ వెలుగుతున్నాయి. అత్తగారు మళ్ళీ అంచున నిలబడి పంతులుగారికి పువ్వుల పళ్ళెం అందిస్తోంది, ఏమీ ఎరగనట్టు.

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఈవిడకు అన్నీ తెలుసు. ఆ రోజే చూసింది, ఆ రోజే వెలిగించింది, కొడుకు కాలు విరిగిందన్న కబురు విన్నాక కూడా నోరు విప్పలేదు. ఆ పిల్లేమో ఆవిడ మౌనానికి భయపడి బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆ అమ్మాయి నంబరు కూడా తీశాను. మళ్ళీ పెట్టేశాను. కొంగు చాటున చేసుకున్న పని అది. ఎవరి కంటా పడకూడదనే చేసింది. మీట తిప్పి ఆవిణ్ణి వెలుగులోకి ఈడ్చింది నేను. దాన్ని ఇంకొకరికి చూపించే హక్కు నాకేముంది? చూపించకూడదనే నిర్ణయించుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయన, "ఒంట్లో బాగాలేదా, నోరు మెదపట్లేదు?" అని నుదురు పట్టుకు చూశాడు.

అచ్చుకు పంపే ముందు పేజీలన్నీ ఇంటివాళ్ళకు ఒకసారి చూపించడం మా రివాజు. అవి సిద్ధమయ్యేసరికి నెలన్నర దాటింది. పిలవగానే అత్తాకోడళ్ళు ఇద్దరూ వచ్చారు. అత్తగారు వస్తూ చక్కెరకేళీ పళ్ళ హస్తం ఒకటి తెచ్చింది. "మా దొడ్లోవేనండి వదినగారూ" అని బల్ల మీద పెట్టింది. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. "అబ్బాయికి కట్టు విప్పేరండి. ఆయ్, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నిన్న ఫోనులో నడిచి చూపించేడు" అంది. కోడలు ఆవిడ వెనక నిలబడి నావైపు చూసింది. అంతా సిద్ధంగానే ఉందని కళ్ళతోనే చెప్పాను.

పేజీలు తిప్పుతూ పోయాను. సముద్రంలో మునిగే సూర్యుణ్ణి చూసి ఆవిడ, "ఇదెక్కడండీ, ఓడలరేవులో ఇలాగుంటుందాండీ?" అని నవ్వింది. నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి! నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తరవాత వ్రతం పేజీ వచ్చింది. ఆవిడ సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. కొడుకు నవ్వును చాలాసేపు చూసింది. ఆ తరవాత ఆవిడ చూపు మెల్లగా అరటి పిలక దాటి గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. కోడలు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

"దీపం బాగా వెలుగుతోందండీ" అంది అత్తగారు. అని, కోడలి వైపు తిరిగి, "నీ మొహం ఎంత కళగా ఉందో చూసుకున్నావా అమ్మాయ్?" అంది. "తరవాతది చూపించండి వదినగారూ."

అంతే. ఆ సమయానికి ఆ దీపం వెలగడం లేదని ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి, వెలుగుతోందని ఒప్పుకుని ముందుకు వెళ్ళిపోయింది. కోడలు గట్టున పడ్డట్టు గోడకు ఆనుకుని నిలబడింది. నేను పేజీ తిప్పాను. ఇక్కడితో అయిపోతే అందరికీ మంచిదేననుకున్నాను.

అంతలో కోడలికి ఫోను వచ్చింది. గల్ఫునుంచి భర్త. మాట్లాడడానికి వసారాలోకి వెళ్ళింది. ఆమె గుమ్మం దాటగానే అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దీపం ఎవరు పెట్టమన్నారండీ?"

నేను మౌసు పట్టుకుని పేజీని అటూ ఇటూ జరిపాను.

"మా కోడలమ్మాయేనా?"

తల ఊపాను.

"అయితే దానికి తెలిసిపోయిందన్నమాట." ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దానికి తెలీకూడదనేనండీ ఇన్నాళ్ళూ నేను నోరు కట్టుకున్నది. వీడు పడ్డాడన్న కబురొచ్చినప్పట్నించీ దాని మొహం చూడాలంటేనే భయమేసేది నాకు. ఎక్కడ బయటపడిపోతానోనని."

అప్పుడు వచ్చింది నాకు కోపం. ఆ రోజు వచ్చినంత కోపం నలుగురు సూర్యుళ్ళను చూసినప్పుడు కూడా రాలేదు. "ఏమండీ, ఒకే ఇంట్లో ఉంటారు. ఒకే పొయ్యి మీద వండుకుంటారు. ఆ పిల్లకి నీ గురించి భయం, నీకు ఆ పిల్ల గురించి భయం. ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకోవడానికి ఇద్దరూ నా దగ్గరికి రావాలా?" అని గట్టిగానే అనేశాను. నీ, నువ్వు అనడంలో మర్యాద కూడా తప్పినట్టున్నాను. ఆ కేకకు కోడలు ఫోను పెట్టేసి పరుగెత్తుకొచ్చింది.

"ఇలా వచ్చి కూచో" అన్నాను. "వద్దండీ వదినగారూ" అంటోంది అత్తగారు. ఏం చూపించబోతున్నానో ఆవిడకు తెలియదు, అయినా వద్దంటోంది. నేను వినలేదు. ఆ నల్ల ఫొటో తెరిచి, వాళ్ళ కళ్ళ ముందే చీకటిని పైకి లాగాను.

కోడలికి ముందు ఏమీ అర్థం కాలేదు. "ఇదెవరండీ ఇక్కడ?" అని తెర మీద వేలు పెట్టింది. తరవాత చీర గుర్తుపట్టింది. వాళ్ళ నాన్న మగ్గం మీద నేసి వియ్యపురాలికి పెట్టిన చీరట అది. వేలు అక్కడే ఉండిపోయింది.

"అత్తయ్యగారూ, మీరే వెలిగించేరా?"

"మూల నక్కి కూచున్నదాన్ని కూడా వదల్లేదేమిటండీ మీరు!" అని ఆవిడ నా మీద విసుక్కుంది. ఆ విసుగులో బలం లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

అత్తగారు బల్ల మీది అరటిపళ్ళను సర్దింది. తరవాత మామూలుగానే, కూర గురించి చెప్పినట్టు చెప్పింది.

"చెప్తే ఏమవుద్దో నాకు తెలుసమ్మాయ్. నా వ్రతంలోనూ కొండెక్కింది. మా అత్తగారు చూసేరు. ఇంకంతే. గేదె తన్నితే ఆ దీపమే. గోదారొచ్చి లంకలో అరటితోట పోతే ఆ దీపమే. మీ మావయ్యగారికి జ్వరమొస్తే ఆ దీపమే. అనగా అనగా నాకే నిజమనిపించేసేది. వీడు కడుపులో ఉన్నప్పుడు, సరిగ్గా పుడతాడా లేదా అని రోజూ కుందులకేసి చూస్తా కూచునేదాన్ని. ఆవిడ పోయిన రోజున తల దగ్గర దీపం నేనే పెట్టేను. 'ఇదన్నా కొండెక్కకుండా చూసుకో' అందావిడ చెల్లెలు, అంతమంది ముందరా. మన పెద్దమ్మాయి అవన్నీ వింటా పెరిగింది. దానికి వాళ్ళ నాయనమ్మ నోరొచ్చింది, ఏం చెయ్యను? అందుకే నీ వ్రతానికి పొద్దున్నే అగ్గిపెట్టె బొడ్లో దోపుకున్నాను. కళ్ళు కుందుల మీదే. కథ ఒక్క ముక్క విన్లేదు. ఆ పాపం ఉంటే నాకే."

కోడలి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మరి, ఆయన పడిపోయింది..." అంది.

"వాడు పడింది తాడు తెగి. దీపానికీ తాడుకీ ఏమిటి సంబంధం? వాడు లేచి నడుస్తున్నాడు కూడాను. ఇంకెప్పుడూ ఆ మాట నీ నోట రాకూడదు. వింటున్నావా?"

"ఆయ్" అంది కోడలు, చిన్నపిల్లలాగా. అత్తగారి చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

ఎవరో ఒకరు పని సంగతి మాట్లాడాలి కదా. నేనే గొంతు సవరించుకుని, ఇప్పుడు ఈ పేజీ ఏం చెయ్యమంటారని అడిగాను.

"వెలుగుతున్నదే ఉంచండి వదినగారూ. పెద్దమ్మాయి చూస్తే ఊరుకోదు" అంది అత్తగారు.

కోడలు మొహం తుడుచుకుంది. "వద్దండి పిన్నిగారూ. మీరు పెట్టిన దీపం తీసేయండి. ఉన్నది ఉన్నట్టే ఉంచండి. పక్కనే అత్తయ్యగారి ఫొటో వెయ్యండి, ఇంతే సైజులో. హాల్లోకి కూడా రెండూ కలిపే ఫ్రేము కట్టించండి."

"పిచ్చిదానివా? గోడ మీద పెడితే వచ్చినోళ్ళందరూ అడుగుతారు."

"అడగనివ్వండి అత్తయ్యగారూ. వ్రతంలో దీపం కొండెక్కింది, మా అత్తగారు వెలిగించేరు అని చెప్తానండి. పెద్ద వదినగారు అడిగినా అదే చెప్తాను."

అత్తగారు నావైపు చూసింది, నేనైనా సర్దిచెబుతానేమోనని.

నేను పెట్టిన దీపం మీదికి బాణం గుర్తు తీసుకెళ్ళాను. తీసెయ్యడానికి ఒక్కసారి నొక్కితే చాలు. నా చెయ్యి ఆగింది. ఎంత కంప్యూటర్ అయినా, వెలుగుతున్న దీపాన్ని చేత్తో తియ్యడం నాకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. ఆ సంగతి అత్తగారికి కూడా తట్టినట్టుంది, కుర్చీలో పక్కకు తిరిగి మొహం గోడవైపు పెట్టుకుంది. కోడలు మాత్రం ఆవిడ భుజం మీద చెయ్యి వేసి తెర వైపే చూస్తోంది.

నొక్కాను. మంట పోయింది. గోడ మీది వెలుగు పోయింది, గాజుల మీది మెరుపు పోయింది, అంత కష్టపడి చెంప మీద అద్దిన వెచ్చదనం కూడా పోయింది. వత్తి పైన సన్నటి పొగ మళ్ళీ కనిపించింది.

"అయిపోయిందా?" అని అత్తగారు గోడవైపు నుంచే అడిగింది.

"అయిపోయిందండి. ఇటు తిరగండి అత్తయ్యగారూ" అంది కోడలు.